పెద్ద డిస్కు

ఆ ఏడు వేట నిషేధం మొదలైన కొత్తలో అంకాలమ్మ వాళ్ళింట్లో పెళ్ళి డిస్కు వేశారు.

ఎండలు ముదిరి, పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడుకుని ఉండే కాలం. మగవాళ్ళకు సముద్రం మీదికి పోయే పని లేదు, ఆడవాళ్ళకు తట్టకెత్తుకుని అమ్మే చేప లేదు. అలాంటప్పుడు మా పాళెంలో కొత్త డిస్కు వచ్చిందంటే ఎవరికైనా ఇంట్లో కాలు నిలుస్తుందా? అంకాలమ్మ మా పక్కింటామె. కూతురు సామ్రాజ్యాన్ని అరవ పక్క పళవేర్కాడులో ఇచ్చి, పెళ్ళి కూడా అక్కడే చేసింది. మా ఇల్లు తప్ప పాళెమంతా వ్యానెక్కి పోయి వచ్చింది. మమ్మల్ని పిలవలేదు. పిలవకపోవడం తప్పని నేననను. మొగుడు ఉన్నాడో పోయాడో తేలని ఆడదాన్ని పెళ్ళికి పిలిచి ఏమని బొట్టు పెడతారు? పిలిచి పెట్టకపోతే అదింకా తప్పు.

కార్తీకంలో వచ్చిన తుపానుకు నా మొగుడు పెంచల్ పోయిన పడవ తిరగబడింది. అతనితో పోయిన ఇద్దరూ శవాలై ఒడ్డుకు కొట్టుకొచ్చారు. పెంచల్ మాత్రం అలా కూడా రాలేదు. అలాంటి మనిషికి మా పాళెంలో ఒక పద్ధతి ఉంది. భార్య మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, సముద్రాన్ని చూస్తూ, మొగుణ్ణి పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికేది ఆ ఒక్కనాడే. అతను తిరిగి పలక్కపోతే మనిషి పోయినట్టు. ఆ తర్వాతే గాజులు తీసేది, పిండం పెట్టేది. దాన్ని పిలుపు అంటారు. పిలుపు జరిగేదాకా మనిషి బతికున్నట్టే లెక్క.

మా అత్త ముసలమ్మ నన్ను నీళ్ళలోకి దిగనివ్వలేదు. పిలుపు మాట ఎత్తిన వాళ్ళను పట్టుకుని ఏడు తరాలనూ కడిగేసింది. దాంతో చలికాలం పోయి ఎండాకాలం వచ్చినా నేను బొట్టు పెట్టుకునే ఉన్నాను. ఆ బొట్టును అందరూ ఒకసారి చూసి, చూడనట్టు తల తిప్పుకునేవాళ్ళు.

పెళ్ళికైతే పిలవాలి గానీ డిస్కు చూడడానికి పిలుపెందుకు? అత్త నన్ను రెక్క పట్టుకుని అంకాలమ్మ ఇంటికి లాక్కుపోయింది.

తాళి కట్టడం అయింది, భోజనాలయ్యాయి, ఎవరు ఎన్ని చీరలు మార్చారో మా ఆడవాళ్ళు తేల్చడం కూడా అయింది. చివర్లో ఒక పాట వచ్చింది. పెళ్ళి మర్నాడు కొత్త జంటను పడవల రేవుకు తీసుకుపోయి తీసిన ముక్క అది. ఇద్దరూ చేతులు పట్టుకుని, కెమెరా అబ్బాయి నవ్వమన్నప్పుడల్లా నవ్వుతున్నారు. వాళ్ళకు బాగా వెనక ఒక పడవలోంచి సరుకు దించుతున్నారు. అంతలో మా అత్త గావుకేక పెట్టింది.

"ఆపండి! ఆపండ్రా దాన్ని! వాడు నా బిడ్డరా!"

టీవీ మీదికి ఉరికి, సామ్రాజ్యం ముఖం పక్కన వేలు పెట్టింది. అందరూ ముందుకు వంగారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. "పాపం, యాడ చూసినా కొడుకే కనపడతా ఉండాడు" అని వెనక ఎవరో గొణిగారు.

నాకు కనిపించాడు. బొటనవేలి గోరంత మనిషి. ముఖం ఉండాల్సిన చోట చామనచాయ మరక. ఒక భుజం మీద తెల్లటి మచ్చ. కానీ నిలబడిన తీరు పెంచల్‌దే. ఒక కాలి మీద బరువంతా వేసి, నడుము కాస్త పక్కకు వంచి నిలబడ్డాడు. పాళెంలో సగం మంది మగాళ్ళు అలాగే నిలబడతారని ఇంటికి వచ్చాక నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆ డిస్కు అడిగి తెచ్చుకున్నాం. మా ఇంట్లో పాత డీవీడీ ప్లేయరు, దానికంటే పాత లావుపాటి టీవీ ఉన్నాయి. అప్పటినుంచి మా ఇంట్లో ఆ పాట తప్ప ఇంకొకటి మోగలేదు. జంట చెయ్యి పట్టుకుంటుంది, ఆ మరక కదులుతుంది, అత్త "ఆపుమే" అంటుంది, నేను రిమోటు నొక్కుతాను. పెద్దది చేస్తే ముఖం గడులు గడులుగా విడిపోయేది. గడులను చూసి కూడా అత్త "అదిగో ముక్కు" అనేది.

"భుజం మీద తెల్లంగా ఉండేది ఏంది?" అని అడిగాడు మా మామ ఆదెయ్య. ఆయన కళ్ళలో పొరలొచ్చి చాలా కాలమైంది. వెలుగూ నీడా తప్ప మనిషి ఆనడు. వల అల్లుకుంటూ, మేము చెప్పేది వింటూ కూర్చునేవాడు.

"తువ్వాలు. చెమట తుడుచుకునేదానికి ఏసుకోనుంటాడు" అంది అత్త.

"వాడు తువ్వాలు తలకి చుట్టేవోడు గదా."

"ఆడ ఎండ లేదేమోలే! నీకు అన్నీ అనుమానాలే!"

"బతికుంటే ఇంటికి రాడా అత్తా?" అన్నాను నేను. అడక్కుండా ఉండలేకపోయాను.

"తలకి దెబ్బ తగిలుంటాది. మతి పోయుంటాది. ఎవురో అరవోళ్ళు పడవలోకి లాగుంటారు. తానెవురో తెలీక ఆడనే పని చేసుకుంటా ఉండాడు నా బిడ్డ. వాడికి ఆ పక్క తెలిసినోళ్ళు గూడా ఉండిరి. ఏటా రొయ్యల కాలంలో పొయ్యేవోడే గదా."

సినిమాల్లో తప్ప ఎవరికీ అలా మతి పోదని అనబోయి ఊరుకున్నాను. ఆమెకు ఉన్నది ఆ ఒక్క దారి. దాన్ని మూసి నేనేం బావుకుంటాను?

పెద్ద డిస్కు సంగతి సామ్రాజ్యం చెప్పింది. ఆ పిల్ల అప్పుడు పుట్టింటికి వచ్చి ఉంది. అత్త పిలిపించి, రేవులో ఎవర్ని చూశావని గుచ్చి గుచ్చి అడిగింది. పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

"కెమెరా పక్కే చూడమన్నాడు పెద్దమ్మా. ఒకసారి వెనక్కి తిరిగితే కసురుకున్నాడు. నాకేం తెలీదు." పోతూ పోతూ గడప దగ్గర ఆగింది. "పెద్ద డిస్కని ఇంకోటి ఇచ్చినాడు. దాంట్లో వెంట్రుక గూడా తెలస్తాదంట. అది మన ప్లేయర్లలో పడదు. మాయమ్మ పెట్లో పెట్టిపెట్టింది."

మర్నాడే అంకాలమ్మను అడిగి పెద్ద డిస్కు తీసుకుని కోట టౌనుకు బస్సెక్కాం. అక్కడ టీవీలు అమ్మి, రిపేర్లు కూడా చేసే జడ్సన్ అంగడి ఉంది. చర్చిలో మైకు సెట్టు చూసేది కూడా అతనే. నెమ్మదైన మనిషి. డిస్కును వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు.

"ఇది బ్లూ రే అమ్మా. దీనికి ప్లేయరు వేరే ఉంటది."

"మా ఇంట్లో ఉండే డిస్కు గూడా అదే పెళ్ళి గదా అబ్బయ్యా. అదెందుకు కనపడదు, ఇదెందుకు కనపడతాది?"

"చిన్న డిస్కులో చోటు తక్కువమ్మా. బొమ్మని కుదించి పెడతారు. కుదించేటప్పుడు పెళ్ళికూతురు నగలు చూసుకుంటారు గానీ వెనక నిలబడినోణ్ణి ఎవరు చూసుకుంటారు? దీంట్లో తీసింది తీసినట్టు ఉంటది."

అప్పటిదాకా ఆ మరక వెనక ఇంకేమీ లేదనే అనుకుంటూ వచ్చాను. నిజమైన ముఖం ఒకటి ఈ పళ్ళెంలో ఉంది. ఎవరో ఒకరిది.

జడ్సన్ దగ్గర ఆ ప్లేయరు ఒకటి ఉంది. తెచ్చినప్పటినుంచి ఎవరూ కొనక అట్టపెట్టెలోనే పడి ఉందట. "కొనేదెందుకమ్మా, ఈడనే వేసి చూపిస్తా" అన్నాడు పాపం.

"అంగట్లోనా?" అత్త రోడ్డు వైపు చూసింది. "పొయ్యేవోళ్ళూ వచ్చేవోళ్ళూ నిలబడి చూసేదానికి నా బిడ్డేమన్నా సినిమానా? నా ఇంట్లో చూసుకుంటా. ఆ బులుగు మిషను నాకే పెట్టుండు."

తిరుగు బస్సులో ఓర్చుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆగలేదు.

"ఆ మిషను కొనబాక అత్తా."

ఆమె పొయ్యి ఊదుతున్నది ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకుమే? నీకు మొగుడు అక్కర్లా?"

నాకు ఒళ్ళు మండింది. "ఉండే దాంట్లో చూసుకుంటా ఉండాం గదా. అది చాలదా?"

"చాలదు. నాకు నా బిడ్డ మొకం కావాల."

ఆమెకు ఎలా చెప్పను? ఆ ముఖం తేటగా కనిపించి అది పెంచల్‌ది కాకపోతే, నా మొగుడు చచ్చిపోయినట్టు. పెంచల్‌దే అయితే, బతికుండి నన్ను వదిలేసినట్టు. ఎటు తిరిగినా నాకు మిగిలేది లేదు. మరకలో ఉన్నంతసేపే అతను బతికీ ఉన్నాడు, నావాడుగానూ ఉన్నాడు. అత్త ఎండుచేపలు అమ్మడానికి పోయినప్పుడు తలుపు దగ్గరేసుకుని ఆ పాట వేసి చూసేదాన్ని. ఆపేదాన్ని కాదు, పెద్దది చేసేదాన్ని కాదు. ఊరికే అతను అలా కదలడం చూసేదాన్ని. నాకు అదే చాలు అనిపించేది. నవ్వుతారేమో, నవ్వండి.

మామ వల పక్కన పెట్టాడు. "కోడలు చెప్పేది నిజమేమే. చూసేది లేదు, చేసేది లేదు. పిలుపు కానిచ్చేద్దాం. పిలవకపోతే వాడు దోవ తెలీక నీళ్ళలోనే తిరగతా ఉంటాడు. ఎన్నాళ్ళు తిప్పతావు బిడ్డని?"

ఆయన అన్నది నా మాట కానే కాదు. నేను పిలుపు కూడా వద్దన్నాను మనసులో. మా ఇంట్లో ముగ్గురం మూడు దిక్కులకు లాగుతున్నాం.

వేట తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. మగవాళ్ళు పడవలకు రంగులేయడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం ఊరి పెద్ద విజయభాస్కర్ మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. అతను పెంచల్‌తో కలిసి పెరిగినవాడే. చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు.

"ముసలమ్మక్కా, కోప్పడబాక. వేట తెరిచేలోగా పిలుపు కావాల. పిలవని మనిషి నీళ్ళలో ఉండంగా పడవలు దించేదానికి మనోళ్ళకి మనసొప్పడం లా. పోయినోళ్ళ ఇండ్లల్లో గూడా అడగతా ఉండారు."

తిట్లు మొదలవుతాయని నేను చెవులు రిక్కించాను. అత్త తిట్టలేదు. చెవుల కమ్మలు ఒక్కొక్కటే విప్పి కొంగున కట్టుకుంది.

"మిషను తెస్తా బాస్కరా. పెద్ద డిస్కులో చూస్తా. వాడైతే నువ్వూ నేనూ పొయ్యి పట్టుకొస్తాం. కాదంటే నా కోడల్ని నా చేత్తో నేనే నీళ్ళలోకి దించతా. సరేనా?"

"సరేక్కా" అని అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. నన్ను అడిగినవాళ్ళు లేరు.

బులుగు మిషను నల్లగానే ఉంది. అంకాలమ్మ పెట్లోంచి పెద్ద డిస్కు మళ్ళీ వచ్చింది. ఎర్రది, పసుపుది, తెల్లది, ఏ వైరు ఏ రంధ్రంలో పెట్టాలో నాకు తెలుసు కాబట్టి నేనే పెట్టాను. దేవుణ్ణి ఏమని మొక్కుకోవాలో తెలియక గంగమ్మ పేరు తలుచుకుని ఊరుకున్నాను.

పాట వచ్చింది. అదే మరక. కొంచెం తేరుకున్నట్టుంది గానీ మరకే. అత్త టీవీకి ముక్కు ఆనించి చూసింది, వెనక్కి వచ్చి చూసింది. కమ్మలు లేని చెవులు ఎర్రబడ్డాయి.

"నా కమ్మలు మింగినాడు ఆ దొంగ సచ్చినోడు!"

నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆమెను ఓదారుస్తున్నట్టు వీపు నిమిరాను గానీ, ఆ పూట అన్నం తృప్తిగా తిన్నాను. నా మరక నాకు దక్కింది.

అత్త ఫోనులో జడ్సన్‌ను ఏం తిట్టిందో గానీ మర్నాడు మధ్యాహ్నం ఆటోలో దిగాడు. దుప్పట్లో చుట్టిన పలక లాంటి టీవీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. మా టీవీని చూసి నాలిక కరుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. ఇంట్లో ఏ టీవీ ఉందో అడగలా నేను. ఆ లావు టీవీకి పెద్ద బొమ్మ పట్టదు. ఇది మా ఇంట్లోది. చూసుకోండి, సాయంత్రం తీసుకుపోతా."

డబ్బు మాట ఎత్తలేదు. లావుగా ఉన్న ఒకే ఒక వైరు పెట్టి బిగించాడు. బిగించాక అత్త అతనికి మజ్జిగ ఇచ్చి, "రొంచేపు పందిట్లో కూర్చో అబ్బయ్యా" అంది. అతనికి అర్థమైంది. బయటికి పోయి తలుపు దగ్గరగా వేశాడు.

మామ గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. అత్త టీవీ ఎదురుగా కూర్చుంది. రిమోటు నా చేతిలో ఉంది.

ముందు సామ్రాజ్యం ముక్కు మీది చెమట కనిపించింది. పెళ్ళికొడుకు చొక్కాకు ఊడిన గుండీ కనిపించింది. వాళ్ళ వెనక నీళ్ళ మీద తేలే చేప పొలుసులు కూడా ఒక్కొక్కటీ మెరుస్తున్నాయి. ఇంత ఉందా దీంట్లో అనుకున్నాను. ఆ వెనక పడవ. పడవలో పీతల బుట్ట ఎత్తి దించుతున్న పెంచల్.

గుర్తు పట్టడానికి పుట్టుమచ్చలేవీ వెతకక్కర్లేకపోయింది. మొగుడి ముఖం మొగుడి ముఖమే. కాస్త ఒళ్ళు చేశాడు. మీసం పెంచాడు. గట్టు మీద నీలం చీర కట్టుకున్న మనిషి ఒకామె వచ్చి నిలబడింది. ఆమె చంకలో తెల్ల గౌను వేసుకున్న పాప. పాప రెండు చేతులూ చాపింది. పెంచల్ చేతులు లుంగీకి తుడుచుకుని పాపను అందుకుని భుజానికి ఎత్తుకున్నాడు. మేము తువ్వాలనుకున్న తెల్లమచ్చ అదే. ఆ పాప మీసం పట్టుకుని లాగితే నవ్వాడు. పాపకు రెండేళ్ళకు తక్కువ ఉండవు. అతను పోయి ఏడాది కూడా కాలేదు.

నవ్వుతూ తలెత్తి కెమెరా వైపు చూశాడు. సామ్రాజ్యాన్ని చూశాడు. పక్కింటి పిల్లను గుర్తు పట్టినవాడి చూపు ఎలా ఉంటుందో అలా ఉంది. నవ్వు ఆగిపోయింది. పాపను దించకుండానే చటుక్కున వెనక్కి తిరిగి ఇంజను చాటుకు పోయాడు. మతీ గితీ ఏమీ పోలేదు.

నేను ఆపలేదు. పాట దానంతట అదే అయిపోయింది.

"ఏందిమే?" అన్నాడు మామ. ఆయన ముఖం టీవీ వెలుగు వైపు తిరిగి ఉంది. "చూసినారా? వాడేనా?"

నేను అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. చెంగుతో ముఖం గట్టిగా, ఉప్పు తుడుచుకున్నట్టు తుడుచుకుంది.

"కాదు" అంది.

"సరింగా చూడుమే."

"సరింగానే చూసినా. ఎవురో అరవోడు. పండ్లెత్తు. నా బిడ్డ సముద్రంలోనే పొయినాడు."

మామ చేతులు నేల మీద తడుముకున్నాయి. వల కోసమో, ఆసరా కోసమో. "సుబాసినీ, నువ్వు చెప్పమ్మా. మీయత్త కంటికి నీళ్ళడ్డం పడుంటాయి. వాడు కాదా?"

అప్పటికింకా నాకు ఏడుపు రాలేదు. పోయి ఆ మీసం నేనూ లాగి, ఊరి ముందు నిలబెట్టి, ఎందుకురా అని అడగాలనిపించింది. చెప్పేస్తే చాలు. మామ విజయభాస్కర్‌ను పిలుస్తాడు, రేపు పొద్దునకల్లా వ్యాను కడతారు. అత్త అప్పుడు నా వైపు చూసింది. ఆ కళ్ళలో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. నువ్వెలా అంటే అలా అన్నట్టు ఉంది.

"కాదు మామా" అన్నాను.

"అయితే పొయినట్టే" అన్నాడు ఆయన. కాసేపటికి మళ్ళీ, "పోన్లే, తేలిపొయింది" అన్నాడు. గుంజ పట్టుకుని లేచి, తడుముకుంటూ పెరట్లోకి పోయాడు.

జడ్సన్ లోపలికి వచ్చి టీవీ విప్పుకున్నాడు. అత్త మిషను కూడా అతని చేతిలోనే పెట్టింది. "ఇంట్లో ఉంటే సినిమాలు చూసుకోవచ్చు గదమ్మా" అన్నాడు. "చూసింది చాలు అబ్బయ్యా, తీసకపో" అంది. అతను ఆటో దగ్గర నాకోసం ఆగి, "ప్రార్థన చేస్తానక్కా" అన్నాడు. దేనికోసమో అతనికి తెలియదు, నేను చెప్పలేదు.

లోపలికి వచ్చేసరికి అత్త నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని ఉంది. కొబ్బరి పీచుకు బూడిద అద్ది పెద్ద డిస్కును తోముతోంది. అన్నం పళ్ళెం తోమినట్టు, రెండు చేతులతో, అంచులు కూడా వదలకుండా.

"అత్తా!"

"మురికి పట్టుంటే తోమతా ఉండా. అంకాలమ్మకి మురికిది ఇస్తే బాగుండదు గదా."

నేను ఆమె పక్కన చతికిలబడ్డాను. కాసేపు ఆ బరబర వింటూ కూర్చున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. "నేను పొయ్యి అడగతా. నలుగుర్లో పెట్టి పట్టుకొస్తా. నేనేం తక్కువ చేసినానని?"

"ఆ బిడ్డని చూసినావా?"

"చూసినా."

"మరి?"

డిస్కు తిప్పి రెండోవైపు కూడా తోమింది. "పట్టుకొస్తే వస్తాడు. వచ్చి ఈడ కూర్చుంటాడు. నువ్వు కూడొండి పెడతావు. వాడు తింటా తింటా ఆ పక్కే చూస్తా ఉంటాడు. ఉంటావా అట్టా? నేనైతే ఉండలేను. సచ్చినాడంటే ఊరంతా నీతో కూర్చోని ఏడస్తాది. వదిలేసినాడంటే నీ ఎనకమాల నవ్వతాది. నా కోడల్ని చూసి ఎవురూ నవ్వకూడదు." పీచు ఆగింది. "కన్నదాన్ని నేను. సంపితే నేనే సంపాల."

ఇంకొకసారి ఆ మాట మా మధ్య రాలేదు. ముసలమ్మ డిస్కును బూడిదతో తోమిందని పాళెమంతా పడీ పడీ నవ్వింది. అంకాలమ్మ కూడా మొదట తిట్టి, తర్వాత నవ్వేసింది. అంత దుఃఖంలో ఉన్న ముసలిదాన్ని ఎవరేమంటారు?

వేట తెరిచే నాటి ఉదయం పడవలకు పసుపు రాసి, వేపమండలు కట్టి వరసగా నీళ్ళకు ఎదురు నిలబెట్టారు. వాటిని దించక ముందే నన్ను దించాలి. తల స్నానం చేయించి, పెళ్ళి నాటి చీర కట్టి, రూపాయి కాసంత బొట్టు పెట్టి, చేతుల నిండా గాజులు తొడిగి అత్తే నన్ను నడిపించుకుపోయింది. ఆడవాళ్ళు వెనక గుంపుగా నిలబడ్డారు. మామను ఎవరో చెయ్యి పట్టుకుని తెచ్చి తడి ఇసుక మీద నిలబెట్టారు.

నీళ్ళు మోకాళ్ళకు తగిలాయి. తూర్పున ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది.

"పిలువమ్మా" అన్నాడు విజయభాస్కర్.

కాపురం చేసినన్నాళ్ళూ నా నోటితో పలకని పేరు. మొదటిసారి "పెంచలా" అన్నాను. నాకే సరిగా వినపడలేదు.

రెండోసారి పిలవబోయేసరికి నా ముఖం దానంతట అదే దక్షిణానికి తిరిగింది. ఒడ్డు వెంబడి ఇసుక ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా చూస్తూ, ఒంట్లో ఉన్న కోపమంతా గొంతులోకి తెచ్చుకుని, "పెంచలా!" అని అరిచాను. పడవల మీది కాకులు లేచాయి. పళవేర్కాడు అటువైపే.

నీళ్ళు చప్పుడయ్యాయి. అత్త చీర తడుపుకుంటూ నా పక్కకు వచ్చింది. నా గడ్డం పట్టుకుని ముఖాన్ని తూర్పుకు తిప్పింది.

"ఆ పక్క కాదుమే. సముద్రం ఈ పక్కుండాది" అంది, అందరికీ వినపడేటట్టు. వెనక ఆడవాళ్ళు అయ్యో అన్నారు. దుఃఖంలో దిక్కు కూడా తెలియడం లేదనుకున్నారు.

మూడోసారి సముద్రాన్ని చూసే పిలిచాను.

పద్ధతి ప్రకారం అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అలలు వచ్చి పోతున్నాయి. మా మామ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి, నిజంగానే వింటున్నాడు.

"పలికినాడా?" అని అడిగాడు విజయభాస్కర్. ఆ మాట తల్లినే అడగాలి, తల్లే చెప్పాలి.

మా అత్త నా చెయ్యి వదలలేదు. మామ నిలబడిన వైపు ఒకసారి చూసింది.

"పలకలేదు" అని, నా గాజుల మీద చెయ్యి వేసింది.